నలుగురికి ఏడు మానికలు

గురువారం దీపాలు పెట్టే వేళకు గింజల కుండ మళ్లీ ఖాళీ అయింది. వరసగా ఇది మూడో గురువారం.

"అయిపోయినయ్ నాయనా," అంటూ శ్యామల కుండను వాకిట్లోకి తెచ్చి బోర్లించి చూపించింది. పది జొన్న గింజలు రాలాయి. ఐదేళ్ల చెల్లెలు గురమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకుంది.

మాల్యాద్రి అప్పుడే రాతి పలకలు చీల్చే షెడ్డు నుంచి వచ్చాడు. కనురెప్పల మీద, చెవుల్లో, మెడ ముడతల్లో రాతి పొడి. కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూలబడి ఆ కుండ వైపు చూశాడు. కోపం రావాలి. రాలేదు. పెళ్లాం మస్తానమ్మ పోయి మూడు నెలలు. అప్పటి నుంచి అతనికి ఏదీ సరిగ్గా తగలడం లేదు. ఉలి జారి వేలు చిట్లినా, నెత్తురు కంటబడితేనే తెలిసేది. పోనీలే, రాయి కొట్టుకునే వాడికి ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

లెక్క మాత్రం అంతు పట్టడం లేదు. మస్తానమ్మ ఉన్నప్పుడు శనివారం కూలి చేతికి రాగానే శెట్టి దుకాణంలో ఏడు మానికల జొన్నలు కొనేది. రోజుకు మానిక. ఇంట్లో నలుగురు, వారానికి ఏడు మానికలు. ఒక్క వారం ఎక్కువ కాలేదు, ఒక్క వారం తక్కువ పడలేదు. ఆమె పోయాక దినాలకు షెడ్డు మేస్త్రీ దగ్గర అప్పు చేశాడు. అది తీరాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలి గదా! ఒక మనిషి తగ్గింది, ఆ మనిషి తిండి తగ్గుతుంది. నలుగురికి ఏడైతే ముగ్గురికి ఐదుకు కాస్త పైన. ఆ కాస్తా ఎట్లాగో సర్దుకుందామని, దినాలకు చుట్టాలు తెచ్చిన గింజలు అయిపోయాక ఈ మూడు వారాలూ ఐదు మానికలే కొంటూ, మిగిలిన రెండు మానికల డబ్బు, పద్నాలుగణాలు, వారం వారం మేస్త్రీ చేతిలో పెడుతున్నాడు. అణాలు పోయి నయాపైసలొచ్చి నాలుగు నెలలైనా అతనికి లెక్క అణాల్లోనే నడుస్తుంది. బడి మొహం చూడని వాడైనా వేసే లెక్కే ఇది. ఇందులో తప్పేముంది చెప్పండి!

అయినా గురువారానికల్లా కుండ బోర్లా పడుతోంది.

"ఎలకలేమన్నా..." అంటూ లేచి గోడ మూలలన్నీ తడిమాడు. బొక్క లేదు, ఒక్క పొట్టు లేదు. ఇక మిగిలింది శెట్టే. పక్కింటి అలివేలమ్మ దగ్గర కొలిచే మానిక అడిగి చంకన పెట్టుకుని దుకాణానికి నడిచాడు.

రామసుబ్బయ్య శెట్టి ఆ చంకలో మానికను చూడగానే సంగతి గ్రహించాడు.

"కొలిచి చూస్తావా? చూడబ్బాయా, చూడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు లేచిపోయింది గానీ, నా మానిక మా తాతప్పటి నుంచి ఈ గడప దాటలే."

మాల్యాద్రి శెట్టి మానికలో గింజలు పోసి, అరచేత్తో పైన చదును చేసి, అలివేలమ్మ మానికలోకి ఒంపాడు. అంచుకు సరిగ్గా వచ్చి ఆగాయి. ఇంకోసారి కొలిచాడు. అంతే. శెట్టి తిడితే బాగుండేది, తిట్టలేదు.

"ముగ్గురికి ఐదు మానికలు చాలడం లేదంటే ఎవురన్నా నమ్ముతారా? తప్పు నా కాడ లేదు. నీ ఇంట్లో చూసుకో. ఇంట్లోనూ లేదంటే నీ జోబులో చూసుకో," అని అరువు మీద రెండు మానికలు కొలిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి శ్యామలను పిలిచాడు. పదేళ్ల పిల్ల. తల్లి పోయిన పదకొండో రోజు నుంచి పొయ్యి దానిదే.

"గింజలు ఎవురికన్నా పోస్తుండావా?"

"లేదు నాయనా."

"అమ్ముకొని ఏమన్నా కొనుక్కుంటుండావా?"

"లేదు నాయనా."

చెయ్యెత్తాడు. పిల్ల పక్కకు తప్పుకోలేదు, కళ్లు మూసుకుని నిలబడింది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో అతనికే తోచలేదు. కాసేపు గాల్లో ఉంచి దించేశాడు. శ్యామల కళ్లు తెరిచి, శెట్టి ఇచ్చిన గింజలు కుండలో పోసుకోవడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు షెడ్డు నుంచి వచ్చేసరికి గడప మీద అత్త నరసమ్మ కూచుని ఉంది. పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊరు ఆమెది. మేకలు, నాలుగు గొర్రెలు, ఒక పాడి ఎనుము. మార్కాపురం బజారుకు నెయ్యి తెచ్చినప్పుడల్లా మనవరాళ్లను చూసి పోతుంది. ఈసారి నెయ్యి అమ్మిన చోటే అల్లుడి కబురు కూడా విని వచ్చింది.

"కూచో నాయనా," అంది, అతని ఇంట్లో అతనికే చోటు చూపిస్తూ. "ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోగాకు. నా బిడ్డ ఉన్నప్పుడు ఏడు మానికలు నలుగురికి చాలినయ్. ఇప్పుడు ముగ్గురికి ఐదు చాలడం లేదంట. వింటానికి ఎట్లుంటాది?"

"నాకూ తెలీడం లేదత్తా."

"ఊళ్లో తెలుసు. సారా అంటుండారు."

"నేను తాగను."

నిజమే, చుక్క ముట్టడు. అయితే ఆ మాట అతని నోట్లోంచి ఎంత చప్పగా వచ్చిందంటే, అతనికే నమ్మబుద్ధి కాలేదు.

"నిషేధం ఉందని మనమనుకోవాలి గానీ కొండ కింద యాడ దొరకదు! పెండ్లాం పోయినోడు, దిగులుకు అలవాటు పడినాడంటే అర్థం చేసుకోలేనా నేను? ఆడపిల్లల కడుపు మాడ్చొద్దు అంతే. శ్యామలను నేను తీసుకపోతా. పద్దెనిమిది మేకలుండాయి, కాసుకుంటాది. చిన్నది దాని ఎనకే ఉంటాది."

"దానికి బడి ఉంది గదత్తా. ఐదో తరగతి."

"గింజల్లేని ఇంట్లో బడేంది నాయనా!"

బతిమాలుదామనుకుంటూనే అతను చేతికంటిన రాతి పొడి రాల్చుకున్నాడు. ముసలామె అతని మొహంలోకి చాలాసేపు చూసి, కర్ర పట్టుకుని లేచింది.

"ఒక వారం చూస్తా. వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకొచ్చి ఆ కుండ మూత తీస్తా. గింజలుంటే నోరు మూసుకొని పోతా. లేకపోతే పిల్లోళ్లిద్దరూ నా ఎంట బస్సెక్కుతారు."

తలుపు వెనక శ్యామల పలక గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. మూల విరిగిందని షెడ్డులో పక్కన పడేస్తే తండ్రి తెచ్చిచ్చిన పలక అది. మాటలన్నీ విన్నది.

శనివారం కూలి వచ్చింది. శెట్టి అరువు, మేస్త్రీ పద్నాలుగణాలు, కిరసనాయిలు, ఉప్పు, మిరపకాయలు పోగా మళ్లీ ఐదు మానికలే అయ్యాయి. మాల్యాద్రి వాటిని తన చేత్తోనే కుండలో పోశాడు.

"మీ అవ్వ మాట విన్నావు గదా. శుక్రవారం దాకా రావాల," అన్నాడు.

"వస్తాయిలే నాయనా," అంది శ్యామల.

ఆ వారం రాయి బాగా పలికింది. గని నుంచి వచ్చిన దిమ్మను తడి గోనె కింద దాచి, ఒక్కొక్కటే తీసి నిలువుగా ఒళ్లో పెట్టుకోవాలి. తడి ఆరితే రాయి మాట వినదు. అంచు మీద సన్న ఉలి ఆనించి, చిన్న సుత్తితో అటూ ఇటూ మెత్తగా తడుతూ పోతే లోపలెక్కడో పొర విడుతుంది. చెవికి తెలుస్తుంది. అప్పుడు చేత్తో విప్పితే చాలు, రెండు పలకలు. విరిగితే లెక్కలోకి రాదు, నూటికి ఇంత అని కూలి కట్టేది మంచివాటికే. మాల్యాద్రి చేతులు ఆ పని వాటంతట అవే చేసుకుపోయేవి. మనసుకు అక్కడ పనేమీ లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కునే ముందు కుండ మూత తీసి చూసేవాడు. మంగళవారానికి తెలిసిపోయింది, గింజలు నిదానంగా దిగుతున్నాయి. బుధవారం చెయ్యి పెట్టి చూశాడు. పోయిన వారం ఈపాటికి అడుగు తగిలేది.

"మా పెద్దదానికి సంసారం పట్టుబడిందబ్బా," అని షెడ్డులో పక్కవాడితో అన్నాడు. మూడు నెలల్లో అతను తనంతట తాను ఎత్తిన మొదటి మాట అది.

అదే రోజు దోవలో బడి పంతులమ్మ దానమ్మ ఆపింది.

"మాల్యాద్రీ, శ్యామల మధ్యాహ్నం పూట బడిలో తల వాల్చేస్తోంది. నిన్న లెక్క చెప్పమంటే లేచి నిలబడి గోడ పట్టుకుంది. ఒంట్లో బాగుందా పిల్లకు?"

"ఇంటిపని ఎక్కువైందమ్మా. తల్లి లేని పిల్ల గదా."

"చూసుకో. చురుకైన పిల్ల," అని ఆమె వెళ్లిపోయింది. అతనూ తల ఊపి వెళ్లిపోయాడు. పొద్దున తాను తిని వెళ్లేటప్పుడు పిల్ల ఇంకా పొయ్యి దగ్గరే ఉంటుంది. సాయంత్రం తాను తినేటప్పుడూ అంతే. తల్లి ఉన్నప్పుడు తల్లీ అంతే. ఇందులో చూసేదేముంది?

శుక్రవారం గని నుంచి రాయి రాలేదు. పని లేదు పొమ్మని మేస్త్రీ తెల్లవారే కబురు పెట్టాడు. ఒక రోజు కూలి పోయినట్టే. అయినా మాల్యాద్రికి ఆ పొద్దున కాస్త తేలిగ్గా ఉంది. లేచీ లేవగానే కుండ మూత తీశాడు. గింజలున్నాయి! అడుగున జానెడు వెడల్పున పరుచుకుని, నిక్షేపంగా ఉన్నాయి. ఇంకాసేపట్లో అత్త వస్తుంది, చూస్తుంది, పోతుంది. పిల్లలు ఇంట్లోనే ఉంటారు. సంతోషమంటే ఇట్లా ఉంటుంది గదా అని అతనికి గుర్తొచ్చింది.

బీడీ ముట్టించుకుని గోడకు చేరగిలబడి కూతురి పని చూడసాగాడు. శ్యామల తిరగలి పక్కన చేట పెట్టుకుని సోలతో గింజలు కొలుస్తోంది. ఒకటి. అరచేత్తో చదును చేసి చేటలో ఒంపింది. రెండు. మూడు. కుండ మీద మూత పెట్టేసింది.

మానికకు నాలుగు సోలలు. రోజుకు మానిక.

"నాలుగోది?" అన్నాడు.

"మూడు చాలు నాయనా."

"ఎవురెవురికి?"

"నీకు రెండు. చెల్లికి ఒకటి."

"మరి నీకు?"

శ్యామల తిరగలి పిడి పట్టుకుని అటు తిరిగింది. "నాకు కుండ అడుగున ఉంటాది గదా. గీక్కొని నీళ్లు పోసుకుంటా. అమ్మ ఇట్లనే చేసేది."

"మీ అమ్మ నాలుగు పోసేది."

"అవును. నీకు రెండు, నాకు ఒకటి, చెల్లికి ఒకటి."

"అమ్మకు?"

ఆ పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. తండ్రి ఏమడుగుతున్నాడో తెలియక అతని మొహంలోకి చూసింది.

"అమ్మకు పొయ్యరు గదా నాయనా," అంది.

తిరగలి తిరగడం మొదలైంది. బీడీ వేళ్ల దాకా కాలింది. మాల్యాద్రి మస్తానమ్మ అన్నం తినడం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పన్నెండేళ్ల కాపురం. ఆమె సంగటి కెలకడం గుర్తుంది. రెండు ముద్దలు తన పళ్లెంలో వెయ్యడం, పిల్లల నోట్లో పెట్టడం, మధ్యాహ్నం షెడ్డుకు సద్ది మూట తేవడం గుర్తున్నాయి. 'నువ్వు తిన్నావా' అని ఏ పండక్కో అడిగి ఉంటాడు. 'తినే వచ్చినా' అనేది. పళ్లెం ముందు పెట్టుకుని కూచున్న మస్తానమ్మ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నాలుగు రోజుల జ్వరానికే మనిషి పోయింది. సూది వెయ్యడానికి వచ్చిన కాంపౌండరు చెయ్యి పట్టి చూసి, ఒంట్లో ఏమీ లేదు గదయ్యా ఈమెకు, అన్నాడు. ఏదో రోగం పేరు అనుకున్నాడు తను.

ఏడు మానికలు ముగ్గురికే సరిపోయేవి. మొదటి నుంచీ ముగ్గురికే. చచ్చిపోయిన మనిషి తిండి అని లెక్కగట్టి తను తగ్గించిన రెండు మానికలు బతికున్న పిల్లలవి. సిగ్గేసింది. ఏడుపు రాలేదు గానీ, సిగ్గు మాత్రం కాళ్ల నుంచి తల దాకా పాకింది. మొన్న గాల్లోకి ఎత్తిన చెయ్యి ఒళ్లో ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొద్దెక్కాక నరసమ్మ వచ్చింది. మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా నేరుగా లోపలికెళ్లి కుండ మూత తీసింది. చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు పైకి తీసి వెలుతురులో చూసింది. మళ్లీ కుండలో పోసింది.

"ఉండాయే!" అంది. ఆ ముడతల మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "మంచిది నాయనా. ఊళ్లో మాట విని నోరు జారినా, మనసులో పెట్టుకోగాకు. పిల్లోళ్లు నీ కాడనే ఉండనీ. నేను రెండో బస్సుకు పోతా."

అంతే. అయిపోయింది. ఇక మాల్యాద్రి చెయ్యాల్సింది నోరు మూసుకోవడమే. తాగుబోతన్న మాట పోయింది, పిల్లలు దక్కారు, బడి నిలబడింది. శ్యామల తలుపు దగ్గర నిలబడి తండ్రి వైపే చూస్తోంది. కళ్లు లోతుకు పోయాయి. దవడ ఎముకలు తేలాయి. అచ్చం వాళ్లమ్మే. ఈ వారమంతా ఆ మొహం తన ఎదురుగానే తిరిగింది గదా, ఎక్కడ పెట్టుకున్నాడు తన కళ్లు?

చెబితే ఇంకో పేరొస్తుందని అతనికి తెలుసు. సారాకు మానికలు అమ్ముకున్నాడన్నా మేలే. మస్తానమ్మ కన్నతల్లి ముందు నిలబడి నీ బిడ్డను పస్తులుంచానని చెప్పాలి. ఆ తర్వాత ఏ ముసలిదైనా పిల్లల్ని ఆ ఇంట్లో ఉంచుతుందా?

"అత్తా," అన్నాడు. "అవి మిగిలిన గింజలు కావు. శ్యామల తినకుండా ఆపిన గింజలు."

నరసమ్మ వెనక్కి తిరిగింది.

"వారం నుంచి అది తనకు పోసుకోవడం లేదు. నీ ఎంట పంపుతానని భయపడి. నేనిప్పుడే చూసినా." అక్కడితో ఆపలేదు. "ఏడు మానికలు నలుగురికి చాల్లేదత్తా. ముగ్గురికే చాలినయ్. మస్తానమ్మ ఏనాడూ తనకని ఒక సోల పొయ్యలే. పన్నెండేండ్లు నా ఎదురుగా... నేను చూసుకోలే."

తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు. కర్ర పెట్టి కొడుతుందనుకున్నాడు, కొట్టనీ అనుకున్నాడు. చూస్తే నరసమ్మ గోడ పట్టుకుని నిదానంగా నేల మీద కూచుంటోంది.

"దానికి నేర్పింది నేనే," అంది.

కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మళ్లీ తనే అంది: "కాపరానికి పంపేటప్పుడు చెప్పినా. కొలిచేటప్పుడు నీది కొలవొద్దే, మగోడిది కొలువు, పిల్లోళ్లది కొలువు, నీకు అడుగున ఏదో ఒకటి ఉంటాది అని. మా అమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పినా. నా ఇంట్లో అడుగున ఉండేది నాయనా! ఎనుముంది, మజ్జిగుంది, కల్లంలో గింజలుండె. ఏది లేకపోయినా కడవెడు మజ్జిగ తాగి పడుకునేదాన్ని. మీరిక్కడ సోలలెక్కన కొనుక్కొని తింటారు, అడుగున ఏం మిగలదు అని నాకు తోచలేదే! దానికన్నా చెప్పాలని తోచలేదే!"

గురమ్మ వచ్చి అవ్వ ఒళ్లో ఎక్కింది. శ్యామల తల ఇంకా కిందికి దించుకుంది, తప్పు చేసి దొరికినదాని మాదిరిగా.

"దీన్ని నేను తీసుకపోను," అంది నరసమ్మ చివరికి. "నా ఎంట వస్తే నన్ను చూసి మళ్లీ ఇదే నేర్చుకుంటాది. లే. సోల నువ్వు పట్టుకో. నువ్వే కొలువు."

మాల్యాద్రి పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో వంటకు గింజలు కొలిచింది లేదు. సోల చేతిలో వంకరగా నిలిచింది. శ్యామల విసిరిన మూడుకు తోడు కుండలోని రెండూ కొలిచి చేటలో పోశాడు. తనకు రెండు, పిల్లలకు చెరొకటి, అత్తకు ఒకటి. కుండ ఖాళీ. సాయంత్రానికి లేదు, రేపటికి లేదు. మేస్త్రీ దగ్గరికెళ్లి ఇక నుంచి పద్నాలుగణాలు ఇవ్వలేనని చెప్పాలి. వాడేమంటాడో, షెడ్డులో చోటుంచుతాడో లేదో. చెప్పాలి, అంతే.

మధ్యాహ్నానికి సంగటి అయింది. నరసమ్మ ముద్దలు కట్టింది. ఐదు. మాల్యాద్రి ఒకటి శ్యామల పళ్లెంలో వేశాడు.

"నువ్వు తిను నాయనా, తర్వాత నేను..."

"కూచోమ్మా."

కూచుంది. చిన్న తునక నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. ఆ తర్వాత తల ఎత్తకుండా, కారంలో అద్దుకోవడం కూడా మరిచి గబగబా తినేసింది. ఎక్కిళ్లొచ్చాయి. మాల్యాద్రి నీళ్ల చెంబు అందించి ఆమె ఎదురుగానే కూచున్నాడు. తన రెండింటిలో ఒకటి తీసి ఆ పళ్లెంలో పెట్టాడు. అది కూడా సగం తిన్నది.

అవతల నరసమ్మ తన ముద్దను చేత్తో రెండుగా విరిచి, ఒక సగం గురమ్మ పళ్లెం వైపు జరుపుతోంది. చెయ్యి తనంతట తానే పోతోంది.

"నీది నువ్వు తినత్తా," అన్నాడు మాల్యాద్రి.

ఆమె ఆగింది. అల్లుడి ఎదుట నిండు ముద్ద ముందు పెట్టుకుని ఎట్లా తినాలో అరవయ్యేళ్ల మనిషికి తెలియలేదు. అటు గోడ వైపు తిరిగి కూచుని, ఒక్కొక్క తునకే మింగింది. భుజాలు కదులుతున్నాయి.

తిన్న పళ్లేలు తీసి పెట్టాక శ్యామల ఎప్పటిలాగే సంగటి కుండ ఒళ్లోకి తీసుకుని, తెడ్డుతో అడుగు గీకబోయింది. నరసమ్మ లేచి వచ్చి ఆ కుండ లాక్కుంది. చెంబెడు నీళ్లు పోసి, చేత్తో అడుగంతా కడిగి, ఆ తెల్లటి నీళ్లు తీసుకెళ్లి వాకిట్లో పారబోసింది.